మైపాడు ఒడ్డున ఏడ్చిన బిడ్డ

మైపాడు నుంచి నెల్లూరు వెళ్లే బస్సులో ఉండగా అన్న ఫోన్ చేశాడు. నాయన తన దగ్గరే ఉంటున్నాడు, ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాడు. రానన్నాను. నా ఐదో ఏట నాయన తాగిన మత్తులో నన్ను సముద్రం ఒడ్డున మరిచిపోయి ఇంటికెళ్లిపోయాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

"ఆ బిడ్డ నువ్వు కాదే, నేను," అన్నాడు అన్న. "నువ్వప్పటికి పుట్టనే లేదు. అవ్వ పదేపదే చెప్తా ఉంటే నీకే జరిగిందనుకున్నావు."

ఒళ్లు మండిపోయింది. "నా ఏడుపు కూడా నీదేనా?" అని అరిచి ఫోన్ పెట్టేశాను. కాళ్లకు అంటిన తడి ఇసుక, నేను ఆనుకుని ఏడ్చిన నీలం పడవ నాకు కళ్లకు కట్టినట్టున్నాయి. అవన్నీ అవ్వ మాటలేనా?

ఫోన్లో అన్న మాటలు బయటికి వినపడ్డాయేమో, పక్క సీటులోని పెద్దామె అంతా విన్నట్టుంది.

"చూడక్కా, ఎంత అబద్ధమో!" అన్నాను.

"ఏమోనమ్మా. అది జరిగింది మీ అన్నకే అయితే, మీ నాయన్ని ఇంట్లో ఎట్ట పెట్టుకున్నాడో," అందామె.

ఆమె మీదా కోపమొచ్చింది. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆమె తన ఊళ్లో దిగిపోయింది.

నెల్లూరు చేరకముందే అన్నకు ఫోన్ చేశాను. "ఆ రోజు నిన్ను ఇంటికి తీసుకొచ్చిందెవరు?" అని గద్దించి అడిగాను.

"ఎవురూ రాలేదే. చీకట్లో నేనే నడుచుకుంటా వచ్చినా," అన్నాడు.

ఆ నడక నాకు గుర్తు లేదు.