పో, పాత, కొత్త

ఇన్నేళ్లుగా మోస్తున్నది ఒక వేళాకోళం బరువు. ఎవరితోనైనా చెబుదామని నోరు తెరిస్తే ముందు జోకు బయటికొచ్చేది. ఇప్పుడు జోకులకు కూడా ఓపిక లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర్లో బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, మిషన్ తుడవడానికి చేరి దాన్ని నడపడం పట్టుకున్నాను. మాకు రెండు పనులు. ట్యుటోరియల్ వాళ్ల మార్కుల ప్రోగ్రాం బేసిక్ అనే కంప్యూటర్ భాషలో పాత రకం మీదే నడిచేది. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు మిరప బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాంకి కొత్త బేసిక్ కావాలి. పాతదాంట్లో పెడితే అది రైతు పేరులో మొదటి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే చూసేది.

ప్రతిసారీ అన్నీ చేత్తో కొట్టలేక నేనొక చిన్న ఫైలు రాశాను. దాని పేరు 'పో'. 'పో కొత్త' అని కొడితే కొత్త బేసిక్‌ని పిలిచి, పేర్లు వరస పెట్టి, ప్రింటు కూడా తీసేది. 'పో పాత' అంటే పాతదాన్ని. నాలుగు ముక్కల ఫైలు. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో!

మా సెంటర్లో మిషన్ నడిపే మూర్తిగారు బీఎస్సీ. చాలాకాలం ఖాళీగా తిరిగాక దొరికిన ఉద్యోగం. ఆయన ఒక్కో అక్షరం పైకి చదువుతూ కీ నొక్కేవారు. ఆయన్ని ఏడిపించడం నాకు కాలక్షేపం. ఒక పొద్దున ఫైల్లో పాతనీ కొత్తనీ తారుమారు చేశాను. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకటేశ్వరమ్మ అంతా కలిసి ఒక్కరైపోతే ఆయన మొహం చూడాలని.

తలుపు దగ్గర నవ్వు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆయన తెర వంక చూడలేదు. నా ఫైలుని నమ్మారు. ప్రింటు తీసి, కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన మనిషి చేతిలో పెట్టేశారు. ఆ మనిషి మెట్లు దిగుతుంటే ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఎందుకు వెయ్యలేదు? ఓనరు నన్ను పంపించేస్తాడనా?

మర్నాడు గొడవ. ధర కోసం ఆపుకున్న వెంకటేశ్వరమ్మ బస్తాల్ని ఎవరో వెంకటేశ్వర్లు లారీ ఎక్కించుకుపోయాడు. ఆమె మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఓనరు వచ్చేలోపు ఫైలు మళ్లీ మామూలుగా పెట్టేశాను. తప్పు దిద్దడానికి కాదు, దాచడానికి. ఓనరు ముందు మూర్తిగారు మళ్లీ నడిపారు. ఎవరి పేరు వాళ్లకి, ఎవరి గది వాళ్లకి, చక్కగా వచ్చింది. ఆయన తన వేళ్ల వంక చూసుకున్నారు.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచారు.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆ ఫైల్లో ఏవన్నా కదిపావా?"

"నేనా? ఎనిమిదో తరగతోణ్ణండీ బాబూ! అంత తెలివుంటే మీ కుర్చీలోనే కూర్చునేవాణ్ణి కదా!"

ఆయన నవ్వారు. "అంతేలేరా. నేనే 'పాత' అని కొట్టుంటాను."

ఎవరైనా నన్ను ఎనిమిదో తరగతి అంటే కొట్లాటకి దిగేవాణ్ణి. ఆ రోజు నాకై నేనే దాని వెనక దూరాను.

ఆయన్ని తీసేశారు. ఆ కుర్చీలో ఓనరు నన్నే కూర్చోబెట్టాడు. నాకు కావలసింది వేళాకోళమేనా, కుర్చీనా? మొదట్నుంచీ కుర్చీయేనేమో అనిపించిన రోజులున్నాయి. మూర్తిగారు ఒంగోల్లో బట్టల కొట్లో చేరారనీ, కంప్యూటర్ మాటెత్తితే "నా చేతికి అది అచ్చిరాదు" అంటారనీ విన్నాను. బస్సెక్కితే అందే దూరం. ఎక్కలేదు. ఇప్పుడాయన ఉన్నారో లేదో తెలియదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం నాతోపాటు ఇంకొకరికి తెలియాలి. మూర్తిగారు ఆ రోజు 'కొత్త' అనే కొట్టారు. తలుపు దగ్గర నిలబడి నేను విన్నాను. ఒక్కో అక్షరం పైకి చదివి మరీ కొట్టారు.