మాణిక్యాంబగారు ఆరా తీసిన సంచి

మాణిక్యాంబగారికి నమ్మకం లేదు. దేని మీద అని అడక్కండి, దేని మీదా లేదు. పాలవాడి మీద లేదు, గ్యాస్ బండ తెచ్చేవాడి మీద లేదు, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి మీద అసలే లేదు. కొబ్బరికాయ ఒక్కటి కొనాలన్నా బుట్టలో ఉన్నవన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాల్సిందే. మా ఇంట్లో కాఫీ ఇస్తే తాగేముందు గ్లాసులోకి తొంగిచూసి, "ఈ పాలు పొద్దుటివేనా అరుంధతీ?" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా మర్నాడు మళ్ళీ నేనే పిలుస్తాను. ఈ సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో మా గుంటూరు జిల్లా మాట వినబడే గడప, మా ఎదురింటి గడప ఒక్కటే మరి.

ఆవిడది రేపల్లె పక్కన పల్లెటూరు. కొడుకు రఘునందన్, మా ఆయన పనిచేసే శాఖలోనే ఉద్యోగి. కోడలు రేవతి ఇంకో శాఖలో అనువాదకురాలు. నెమ్మదస్తురాలు. పెళ్ళయి పదేళ్ళు కావస్తోంది, పిల్లల్లేరు. ఒకసారి కడుపు నిలిచింది. ఆఫీసు స్నేహితురాళ్ళు సరదాపడి కేకు కోయించి, చిట్టి గౌన్లూ గిలక్కాయలూ ఇచ్చి పంపారు. బిడ్డ భూమ్మీద పడకుండా గుడ్డముక్కయినా కొనకూడదన్నది మన వైపు పట్టింపు కదా. ఆ ప్యాకెట్లు చూసి మాణిక్యాంబగారి మొహం మాడిపోయింది. నెల తిరక్కముందే ఆ కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లతో ఆవిడ అన్నది ఒకే ఒక్క మాట, "ముందే కొని పెట్టుకుంటే ఇలాగే అవుతుంది" అని. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ నోటికి ప్లాస్టర్ వేద్దామనిపించింది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి పసిపిల్లల వస్తువు ఏదీ రాలేదు.

మొన్న చలికాలం పోతూ ఉండగా ఒక మధ్యాహ్నం మాణిక్యాంబగారు వచ్చి మా తలుపు లోపల గడియ వేశారు. బాల్కనీలో ఎవరూ లేరని చూసుకున్నారు. వంటింట్లోకి కూడా ఓ చూపు విసిరారు.

"అరుంధతీ, మా కోడలు ఫోన్లో సంచులు చూస్తోందే."

"చూడనివ్వండి పిన్నిగారూ. ఆడపిల్ల సంచులు చూడక ట్రాక్టర్లు చూస్తుందా?"

"నీ వెటకారం తగలెయ్య! అవి మామూలు సంచులు కావే. పాలసీసా పెట్టుకునే అరలున్నాయి. పక్కన పసిపిల్ల బొమ్మ కూడా ఉంది. నేను వెనకనుంచి వెళ్ళేసరికి చటుక్కున ఫోన్ బోర్లా పెట్టేసింది."

ఆ మాటతో నాకూ అనుమానం పుట్టింది. అబద్ధమెందుకు, అనుమానం అంటువ్యాధి. రేవతి నెల తప్పిందేమో, ఈసారి ఎవరికీ చెప్పకుండా గుట్టుగా ఉందేమో అనుకున్నాం ఇద్దరం. ఆ రోజునుంచి ఆవిడ కళ్లలో వత్తులు వేసుకుని కోడల్ని కాపలా కాశారు. తిన్నది చూడ్డం, కూర్చున్నది చూడ్డం, లేచిన తీరు చూడ్డం. రోజూ నాకు నివేదికలు.

"వాంతులు లేవే. చింతకాయ పచ్చడి వడ్డిస్తే పక్కకి నెట్టేసింది."

"అందరికీ వాంతులుండవు పిన్నిగారూ."

"నిన్న లిఫ్టు పాడైతే పరుగు పరుగున మెట్లెక్కింది. ఇవాళ చూడూ, బొప్పాయి కోసుకు తింది! నా కళ్ళముందే, సగం కాయ!"

బొప్పాయితో ఆ అనుమానం కొట్టుకుపోయింది. ఒకసారి పోగొట్టుకున్న పిల్ల ఎవరేం చెప్పినా బొప్పాయి జోలికి పోదు. మరి సంచి ఎవరికి? ఎవరికైనా కానుకేమోనన్నాను. కానుకైతే దాచడమెందుకన్నారు ఆవిడ. అదీ నిజమే. రెండ్రోజులు పోయాక పాలిపోయిన మొహంతో వచ్చి మా సోఫాలో కూలబడ్డారు.

"రఘు ఫోనొస్తే బాల్కనీలోకి పోతున్నాడే. తలుపు దగ్గరగా వేసుకుంటున్నాడు. నిన్న నా చెవిన పడింది. పాప ఎలా ఉంది అని హిందీలో అడుగుతున్నాడు. ఎక్కడో ఎవత్తో ఉందే అరుంధతీ. వీడికి పిల్ల పుట్టింది. ఈ పిచ్చిమొహానికి ఎలాగో నచ్చజెప్పి, దానిచేతే ఆ పిల్లకి సంచి కొనిపిస్తున్నాడు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. రఘునందన్ అలాంటివాడు కాదు. ఆఫీసు పెన్ను ఇంటికి తెస్తే మర్నాడు పట్టుకెళ్ళి ఇచ్చేసే రకం. కానీ ఫోన్లో పాప ఎవరు?

"అప్పుడొచ్చిందే ఒకావిడ, అదీ ఈ గూడుపుఠాణీలోదే" అన్నారు మాణిక్యాంబగారు.

ఆ సంగతి నాకూ జ్ఞాపకమే. మూడేళ్ళనాడు నూలుచీర కట్టుకున్న ఒకావిడ వాళ్ళింటికొచ్చి గదులన్నీ తిరిగి చూసింది. ఆఫీసు సర్వే అని చెప్పారు. పెద్దావిణ్ణి కూర్చోబెట్టి, ఇంట్లో చిన్నపిల్ల తిరిగితే మీకు అభ్యంతరమా, చూసుకోగలరా అని అడిగిందట. "మా ఇంటి పిల్లని మేం చూసుకోక నువ్వొచ్చి చూస్తావా?" అని ఈవిడ తెలుగులో కసిరితే, రఘు దాన్ని హిందీలో తియ్యగా చేసి చెప్పాడట. వచ్చినావిడ దొంగలకి కబుర్లు అందించే మనిషని, బీరువా తాళం చాలాకాలం మెడలోనే వేసుకు తిరిగారు మాణిక్యాంబగారు.

శనివారం పొద్దున రేవతి కర్టెన్లు కొనుక్కొస్తానని బయల్దేరింది. కిటికీ కొలత తీసుకోలేదు! అంతే, ఈవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టి నా తలుపు బాదారు. నేను పొయ్యి కట్టేసి వెనకాల పరిగెత్తాను. పోవాలని నాకూ లేకపోలేదు.

మా మార్కెట్లో శనివారం మనిషిని వెంబడించడం చాలా తేలిక. జనంలో ఎవరికీ ఎవరూ కనబడరు. స్టూళ్ళెక్కి అరిచే బట్టలవాళ్ళ మధ్యనుంచి, నేలమీద గుట్టలు పోసిన స్వెట్టర్ల పక్కనుంచి, రేవతి నీలం చున్నీని చూసుకుంటూ పోయాం. కర్టెన్ల షాపులు దాటిపోయింది. వెనక వీధిలో సంచుల షాపులోకి వెళ్ళింది. మేం ఎదురుగా చెప్పులు చూస్తున్నట్టు నిలబడ్డాం.

షాపతను రెండు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి లేత గోధుమరంగు తోలులా మెరుస్తూ, ఒంటి భుజానికి తగిలించుకునేది, చాలా అందంగా ఉంది. రెండోది నల్లటి బ్యాక్‌ప్యాక్, దిట్టంగా ఉంది గానీ స్కూలుకి పోయే మగపిల్లాడిదిలా ఉంది. అతను అరలన్నీ తెరిచి చూపిస్తున్నాడు. సీసా వేడిగా ఉండేందుకు వెండిరంగు పూతవేసిన జేబు, డైపర్లకొక అర, తడిబట్టలకొక రబ్బరు సంచి, పాపని పడుకోబెట్టి గుడ్డ మార్చేందుకు మడతపెట్టే చిన్న పరుపు. రేవతి ఆ చిన్న పరుపుని విప్పి అరచేత్తో నిమురుతోంది. దాని మీద ఎవరో పడుకుని ఉన్నట్టు నిమిరింది.

"పూరా వాటర్‌ప్రూఫ్ హై దీదీ. ఆఫీస్ మే భీ లే జావో, పార్టీ మే భీ" అంటున్నాడు అతను, ఆఫీసుకీ పార్టీకీ కూడా పనికొస్తుందని గోధుమరంగుదాన్ని ముందుకు తోస్తూ. రేవతి మారుమాట లేకుండా పర్సు తీస్తోంది.

ఇంక పిన్నిగారివల్ల కాలేదు. కోడలి మీద అనుమానాన్నైనా దాచుకోగలరు గానీ, షాపువాడి మాట నమ్మి ఒక మనిషి పర్సు తీస్తుంటే చూస్తూ ఊరుకోలేరు. రోడ్డు దాటి బాణంలా దూసుకుపోయారు.

"ఆగవే! ఆ జిప్పు లాగి చూశావా? కుట్లు తిరగేసి చూశావా? వాటర్‌ప్రూఫా? ఏదీ, దేఖేంగే!" అంటూ తన చేతిసంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆ గోధుమరంగుదానిలో వొంపేశారు.

షాపతను "అరే మాతాజీ!" అని కేక పెట్టాడు. అడుగు కుట్లలోంచి నీళ్ళు బొటబొటా బల్లమీదకి కారాయి. ఆవిడ అతనికేసి ఒక చూపు చూశారు. అతను గుడ్డ తీసి బల్ల తుడుచుకున్నాడు.

రేవతి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అత్తయ్యా..." అంది, అంతే.

"సంచి సంగతి సరే. ఎవరికే ఇది?"

షాపులో నలుగురూ చూస్తున్నారు. నేను ఇద్దర్నీ బయటికి లాక్కొచ్చి పక్కనున్న మెట్లమీద కూర్చోబెట్టాను. రేవతి కాసేపు వేళ్ళు విరుచుకుంది. ఆ తర్వాత తలెత్తకుండా చెప్పేసింది.

"పాపకి, అత్తయ్యా. ఐదు నెలల పాప. దత్తత తీసుకుంటున్నాం. మూడేళ్ళ కిందట పేరు రాయించుకున్నాం. అప్పుడు ఇల్లు చూడ్డానికొచ్చినావిడ ఆ దత్తత సంస్థ మనిషే. మొన్న కబురొచ్చింది. జబల్‌పూర్ ఆశ్రమంలో ఉంది పాప. వచ్చేవారం వెళ్ళి తెచ్చుకోవాలి. రఘు రోజూ ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కుంటున్నారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఆఖరి నిమిషంలో ఏదైనా అయి పాప రాకపోతే? మీరు మళ్ళీ అదే మాట అంటే?" అప్పుడు తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు, నీళ్ళ వెనక కోపం. అన్నేళ్ళ కోపం. "ఇంకోసారి ఆ మాట వింటే నేను బతకలేను అత్తయ్యా. పాపని మీరు కాదన్నా నేను తెచ్చుకుంటాను. వేరే ఇల్లు చూసుకునైనా తెచ్చుకుంటాను."

నెమ్మదస్తురాలన్నానే, ఆ రేవతి! ఇక కొంపలంటుకున్నట్టే అనుకున్నాను.

మాణిక్యాంబగారు రోడ్డుమీద జనాన్ని చూస్తూ, "ఎవరి పిల్లట?" అన్నారు.

"తెలీదు. మనం అడగకూడదు. వాళ్ళు చెప్పరు."

చూడండి ఆవిడ గతి! పనిమనిషిని పెట్టుకోవాలన్నా ఊరూ పేరూ, మేనమామల ఇంటిపేరూ ఆరా తీసే మనిషి. జన్మలో ఎన్నడూ ఆరా తీయలేని ఒక పిల్ల వచ్చి నట్టింట్లో కూర్చోబోతోంది. ఆ పెద్దావిడ దవడలు కదులుతున్నాయి. కాదంటారేమో అనే అనుకున్నాను. కాదంటే నేను కూడా ఊరుకోకూడదని, ఆవిడతో మాట్లాడ్డం మానేయాలని కూడా నిశ్చయించుకున్నాను.

"అక్కడ దానికి బట్టలూ అవీ ఉన్నాయా?" అన్నారు.

"అన్నీ ఉంటాయి అత్తయ్యా. కానీ అందరివీ కలిపే ఉతుకుతారట, ఎవరికి సరిపోయింది వాళ్ళకి తొడుగుతారట. తనదంటూ విడిగా ఏదీ ఉండదు."

"గిలక్కాయో, పాలసీసానో... ఒక్కటీ దానిది కాదూ?"

రేవతి తల అడ్డంగా ఊపింది.

మాణిక్యాంబగారు అంతెత్తున లేచారు. "నీకు బుద్ధుందా అసలు? పుట్టకముందు కొనకూడదన్నాను గానీ, పుట్టాక కూడా కొనకుండా కూర్చోమన్నానా? ఐదు నెలల్నుంచీ పిల్ల ఒట్టి చేతులతో ఉంటే, ఈవిడ ఫోన్లో బొమ్మలు చూసుకుంటూ కూర్చుంది! పద లోపలికి!"

రేవతి లేవలేకపోయింది. వలవలా ఏడ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు, ఆ అలవాటు లేదు. రెక్క పట్టుకుని లేపి షాపులోకి లాక్కుపోయారు.

తర్వాత ఆ షాపతను పడ్డ పాట్లు ఏం చెప్పమంటారు? ప్రతి సంచికీ నీళ్ళ పరీక్షే. ప్రతి జిప్పూ ఇటూ అటూ లాగాల్సిందే. వెండి జేబులో వేలుపెట్టి గీకారు, పూత రాలుతుందేమోనని. ముక్కు పెట్టి వాసన చూసి, "ఈ రంగు కంపు పిల్లకి పడదు" అని రెండిటిని తోసేశారు. ఒంటి భుజానివన్నీ పక్కన పెట్టించారు. "రైల్లో భుజం మీంచి జారితే సంచిని పట్టుకుంటావా, పిల్లని పట్టుకుంటావా? రెండు చేతులూ పిల్లకే ఉండాలి" అన్నారు. అయితే నల్లదే తీసుకుందామంది రేవతి.

"ఛీ, మెకానిక్కు పనిముట్లు మోసేదిలా ఉంది. మొదటిసారి కొంటున్నాం, చూడముచ్చటగా ఉండద్దూ? భయ్యా, వో ఊపర్ వాలా!"

పై అటకమీద ఉన్నది దింపించారు. నెమలికంఠం రంగు బ్యాక్‌ప్యాక్. నీళ్ళు నిలిచాయి, జిప్పు నిలిచింది, రేవతి కళ్ళు కూడా మెరిశాయి. బేరం దగ్గర కాసేపు యుద్ధం జరిగిందనుకోండి, అది వేరే కథ.

ఇంటికొచ్చేదాకా ఆ ఖాళీ సంచిని రేవతికివ్వలేదు పెద్దావిడ. ముతక చీరమీద, బిగించిన పట్టీలతో, తనే వీపుకి తగిలించుకున్నారు. నేను నవ్వాపుకోలేక చస్తున్నాను.

క్వార్టర్స్ గేటు దగ్గర ఎండలో కూర్చుని బఠాణీలు వలుస్తున్న ఆడవాళ్ళు అందరూ ఒక్కసారి తలెత్తారు. ఈవిడ సంగతి తెలుసు కదా, ఇవాళ ఏం కూర వండారని అడిగినా ఎందుకడుగుతున్నారని అనుమానించి చెప్పని మనిషి. మూడో అంతస్తు పంజాబీ ఆవిడ నవ్వుతూ, "అమ్మాజీ, యే కిస్కా హై?" అని ఆ సంచి ఎవరిదో అడిగింది. రేవతి చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

మాణిక్యాంబగారు ఆగారు. పట్టీ సర్దుకున్నారు.

"మేరీ పోతీ కా. మా మనవరాలిది" అన్నారు, గేటంతా వినబడేలా.

"అరే వాహ్! కబ్ హుయీ?"

"పుట్టి ఐదు నెలలైంది" అని తెలుగులోనే చెప్పి, ఆవిడకి అర్థమైందో లేదో కూడా చూడకుండా లిఫ్టువైపు నడిచారు. "మా దాకా కబురు రావడమే ఆలస్యమైంది."