బాలింత నీళ్ల లెక్క

ఇవాళ ఉదయం అనంతపురం శివారులో ఉన్న మా చిన్నాసుపత్రి మీదుగా పోతుంటే వేడినీళ్ల ఆవిరితో కలిసి పసుపు వాసన తగిలింది. లోపల ఏ బాలింతకో నీళ్లు పోస్తున్నారు. స్కూటరు ఆపాను. మరియమ్మ సిస్టరు గుర్తొచ్చారు.

ఆమె కాన్పుల వార్డుకు పెద్ద. నేను అక్కడ ఇరవై రెండేళ్లు నీళ్ల మోటారు నడిపాను. చదువు ఐదో తరగతితోనే ఆగింది. లెక్కలు మాత్రం తొట్టిలో కర్ర ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో గీతలు పెట్టుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను.

ఒక ఎండాకాలం ఆసుపత్రి బోరు ఎండిపోయింది. రోజుకు ఒక్క ట్యాంకరే దిక్కు. కాన్పులన్నీ టౌనుకు పంపి వార్డుకు తాళం వేద్దామన్నారు డాక్టరుగారు. నొప్పులు పడే మనిషి ఆటోలో ఇంకో పన్నెండు కిలోమీటర్లు పోవాలి. సిస్టరు పదిహేను రోజులు గడువు అడిగి, నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడమని నాకు చెప్పారు.

వారం రోజులు చూశాను. రోజుకు ముప్పై బిందెలు తక్కువ పడుతున్నాయి. ఇంటికి పోయే బాలింతలకు పసుపు రాసి తలస్నానం చేయించి పంపడం సిస్టరు పెట్టిన పద్ధతి. రోజుకు ముగ్గురు, తలా పది బిందెలు. స్నానాలు ఆపితే లెక్క సరిపోతుందని గర్వంగానే చెప్పాను.

“బాగా ఎంచినావప్పా. నీ పెండ్లానికి ఈడ పది బిందెలు పోసినప్పుడు ఎందుకు ఎంచలేదు?” అన్నారామె.

ఒక్కో బిడ్డను చూసేదానికి ఎంతమంది వస్తాండారని అడిగారు. అది నేను ఎంచనేలేదు. మరునాడు గేటు దగ్గర నిలబడి ఎంచాను. చేతిలో బన్నో పండ్లో పట్టుకుని, ఒక్కో బిడ్డకు పదిమందికి తక్కువ రాలేదు.

“ఒక ఇంట్లో పది బిందెలు పుట్టవు. పది ఇండ్లలో ఒక్కొక్కటి పుడుతుంది,” అన్నారు సిస్టరు. ఇక బన్నులు వద్దని, బిందె నీళ్లతో రమ్మని ఊళ్లకు కబురు పంపారు.

బత్తలపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ బిందె దించి, “మనవడి మొగం చూసేదానికి సుంకమా సిస్టరమ్మా?” అంది.

“సుంకమే. నీ కోడలికే పోస్తాలే,” అన్నారామె.

గడువు నాటికి డాక్టరుగారు తాళంతోనే వచ్చారు. ఆయన ఎదుటే కర్ర ముంచి తీశాను. తడి, రోజుకు కావలసిన గీత దాటి నాలుగు వేళ్లు పైకుంది. ఆయన ఆ కర్రను రెండుసార్లు తిప్పి చూసి, తాళం మందుల బీరువాకు వేసుకోమని సిస్టరుకు ఇచ్చి పోయారు. నీళ్లు లేవని ఆ ఎండాకాలం ఒక్క కాన్పునూ తిప్పి పంపలేదు.

ఇప్పుడు మా కాలనీ నీళ్ల పంపకం నేనే చూస్తాను. తక్కువ పడిన రోజున ఎవరిది ఆపుదామనే మాటే ముందు వస్తుంది. నేను మాత్రం ఒక్కో బిందె ఇవ్వగల ఇండ్లు ఎంచడం మొదలుపెడతాను.