టీచర్ అంటే

ఆఫీసులో టైపిస్టుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ టైపు అక్కయ్య ఇంగ్లీషును వేళ్లతోనే మాట్లాడింది. ఎంత పెద్ద ఉత్తరమైనా తప్పు లేకుండా టకటకా కొట్టేసేది గానీ, ఇంగ్లీషులో ఫోనొస్తే రిసీవరు పక్క సీటాయన చేతిలో పెట్టి మంచినీళ్లకని లేచిపోయేది. అలాంటి మనిషి రిటైరయ్యాక, జీతం భత్యం లేకుండా, పరాయి దేశంలో పసిపిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి బయల్దేరింది. ఎవరి నోటనైనా టీచర్ అని పిలిపించుకోవాలన్నది ఆవిడ చిన్ననాటి కోరిక. పెట్టె సర్దుకుంటుంటే తన ధైర్యానికి తనకే నవ్వొచ్చింది.

"తిరుగుటపాలో వచ్చేస్తావు, చూస్తూ ఉండు" అన్నాడు మొగుడు.

"వస్తే మీకే నష్టం. మళ్లీ నా వంటే తినాలి" అందావిడ.

అక్కడి బడిలో పెద్ద టీచరమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది. నెలాఖరున తానే క్లాసులో కూర్చుని ప్రశ్నలడుగుతుంది. పిల్లలు నోరు విప్పితే అక్కయ్య ఏడాదంతా ఉండవచ్చు, లేదంటే ఇంటికి టికెట్టు.

క్లాసులో కుర్చీలు మోకాలెత్తు. గది నిండా తడిసిన బూట్ల వాసన. అక్కయ్య బోర్డు ముందు నిలబడి, అద్దం ముందు వల్లెవేసిన వాక్యం అందుకుంది. "ఐ యామ్..." అంది. తర్వాతి మాట తట్టలేదు. "అంటే..." అంది, అలవాటు చొప్పున. పిల్లలు అదే ఆవిడ పేరనుకున్నారు.

"గుడ్ మార్నింగ్, టీచర్ అంటే!" అని గది దద్దరిల్లేలా అరిచారు.

పిలుపైతే దక్కింది. కానీ రోజూ పొద్దున్నే అంతమంది కలిసి 'టీచర్ అంటే?' అని నిలదీస్తున్నట్టే ఉండేది. "నాకు తెలిస్తే కదర్రా చెప్పడానికి" అని తెలుగులో గొణుక్కుని కుర్చీ లాక్కునేది. ఆ 'అంటే' మానేద్దామని నాలుక కరుచుకుంది. నాలుక పుండైంది తప్ప మాట మానలేదు. అది లేనిదే ఆవిడకు వాక్యం ముందుకు కదలదు. పాత టైపు మిషనులో పిడి తోస్తేనే కదా కొత్త వరస మొదలయ్యేది.

వెనక వరసలో కోటు బొత్తాం నములుతూ కూర్చునే పాప ఒకతి ఉంది. నెలంతా నోట్లోంచి ఆ బొత్తాం తీయలేదు. నెలాఖరున పెద్ద టీచరమ్మ సరిగ్గా ఆ పాపనే లేపి, పొద్దున ఏం చేశావని ఇంగ్లీషులో అడిగింది. పాప ఎర్రబడిపోయింది. నా పని అయిపోయిందనుకుంది అక్కయ్య. మనసులో చీరలు మడిచి పెట్టెలో సర్దేసింది కూడా.

బొత్తాం బయటికొచ్చింది. "అంటే..." అంది పాప, అచ్చం అక్కయ్యలాగే పైకప్పు వైపు చూస్తూ. "ఐ వాష్ మై డాల్. అంటే... షి ఈజ్ నాట్ హ్యాపీ."

ఆ తర్వాత ఎవరిని లేపినా అంతే. ముందొక అంటే, వెనక ఒక ఇంగ్లీషు ముక్క.

"ఏమిటా మాట? ఇంగ్లీషులో నేనెప్పుడూ వినలేదే" అంది పెద్ద టీచరమ్మ.

అబద్ధమాడాలన్నా ఇంగ్లీషు రావాలి కదా. "అది మా భాష మేడమ్. మాట తట్టనప్పుడు అంటాం. ఉండండి, వెళ్లిపోకండి, వస్తున్నా అని" అంటూ వచ్చీరాని ఇంగ్లీషులో ఒప్పేసుకుంది. సిగ్గుతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పెద్ద టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఈ పాప గొంతు నేను వినడం ఇదే మొదలు" అంది. "ఆ మాట మాత్రం ఏడాది చివరికల్లా మాన్పించాలి."

ఏడాది చివరికల్లా! ఆ ముక్కను తెలుగులోకి మార్చుకుంటే గానీ అక్కయ్య తలకెక్కలేదు. అప్పటికి పెద్ద టీచరమ్మ గది దాటి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి ఫోను చేసింది.

"టికెట్టు ఏ రోజుకి?" అన్నాడు మొగుడు నవ్వుతూ.

"అంటే..." అని మొదలుపెట్టింది. సొంత భాషలోనూ తర్వాతి మాట దొరకలేదు.

అటువైపు నవ్వు ఆగింది.

"ఉన్నాలే. నిదానంగా చెప్పు" అన్నాడాయన.