చేతులే తెలిసినవాడు

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ కిటికీ అని పిలిచేవారు. ఎగతాళి పేరేం కాదు, ఉన్న మాటే. పనిముట్ల గదికి అడ్డంగా చెక్క గోడ, ఆ గోడకి జానెడు ఎత్తున్న ఒక కిటికీ. పనివాళ్ళు మొద్దుబారిన కత్తెరో కత్తో అందులోంచి లోపలికి తోసేవారు. అతను సాన పట్టి, దారంతో చీటీ కట్టి, మళ్ళీ అందులోంచే బయటికి తోసేవాడు. పందొమ్మిదేళ్ళు ఇదే పని. వచ్చినవాళ్ళ ముఖం చూడాలంటే బాగా మెడ వంచాలి, అతనికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. వేళ్ళు చూస్తే చాలు, ఎవరొచ్చారో తెలిసిపోయేది.

ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నలభై ఆరేళ్ళ వయసులో, నోట్లో నాలుక లేని మనిషికి, కొత్తగా ఉద్యోగం ఎవరిస్తారు? అక్క పిలిచి ఒక గది ఇచ్చింది. ఆవిడ ఇరవై రెండేళ్ళు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పార్లర్ నడిపిన గది అది. మోకాళ్ళు సహకరించడం లేదని అంతకు ఏడాది ముందే మూసేసింది. సరిగ్గా రోడ్డు మీదికి ఉంటుంది. మెట్లు లేవు, వెలుతురు ధారాళంగా వస్తుంది.

"ఆరు నెలలు ఊరికే వాడుకో," అంది అక్క. "ఈలోపు నీ పని నిలబడితే గది నీదే. లేదంటే మందుల షాపు వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తా. తమ్ముడివి కాబట్టి ముందే చెప్తున్నా."

అక్క అన్న మాట మీద నిలబడే మనిషి. అతని భయమల్లా అదే. ఆ గది పోతే బావ చూసిపెట్టిన గేటు దగ్గర కాపలా ఉద్యోగం తప్ప వేరే దిక్కు లేదు. సాన పట్టే చేతులతో వచ్చేపోయే బళ్ళకి గేటు తీస్తూ కూర్చోవాలి.

గది చేతికి రాగానే అతను చేసిన ఘనకార్యం ఏమిటంటే, వడ్రంగిని పిలిపించి గుమ్మానికి రెండడుగుల లోపల చెక్క గోడ కట్టించాడు. దానికి జానెడు ఎత్తున్న కిటికీ పెట్టించాడు. ఎవరూ చెప్పలేదు, అవసరమూ లేదు. షాపంటే అలాగే ఉండాలని అతని మనసులో పడిపోయింది. గోడ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాక, ఫ్యాక్టరీ మూసిన తర్వాత మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

నెల రోజులు ఈగలు తోలుకున్నాడు. ఒకరోజు ఒకావిడ గుమ్మంలోకి వచ్చి, "ఎవరూ లేరా?" అంది. అతను లోపలే ఉన్నాడు. కత్తెర ఎప్పుడు లోపలికి తోస్తుందా అని కిటికీ వంక చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఎదురుగా కిరాణా కొట్లో ఉన్న అక్క ఇదంతా చూసింది.

"ఒరేయ్, షాపు పెట్టావా, దాక్కున్నావా?"

"పని బాగుంటే వాళ్ళే వస్తారు కదక్కా."

"ఎవరు చెప్పార్రా నీకు? నువ్వొకడివి ఉన్నావని తెలిస్తే కదా పని బాగుందో లేదో చూసేది." అక్క అక్కడితో ఆగలేదు. ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద ప్రతి మంగళవారం పొద్దున చిన్న వ్యాపారాల వాళ్ళు కలుస్తారని, వెళ్ళి నలుగురితో పరిచయం చేసుకోమని చెప్పింది. నువ్వే నన్ను పరిచయం చెయ్యొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. "నా పేరు చెప్తే నా మొహం చూసి ఒకసారి వస్తారు. రెండోసారి ఎవరి మొహం చూసి వస్తారు?"

అక్కడి పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్కరూ లేచి ఒక్క నిమిషం తమ పని గురించి చెప్పాలి. నిమిషం కాగానే ప్రెస్సాయన గంట కొడతాడు. మనవాడి వంతు వచ్చింది. లేచి, "కత్తెర్లు, కత్తులు సాన పడతాను," అని కూర్చున్నాడు. మిగిలిన నిమిషమంతా అందరూ గంట వంక చూస్తూ కూర్చోవాల్సొచ్చింది. టీ తాగేటప్పుడు మాత్రం చురుగ్గా కదిలాడు. కొత్తగా అచ్చు వేయించుకున్న విజిటింగ్ కార్డుల్లో నలభై పేకముక్కలు పంచినట్టు పంచి, మెట్లు దిగి వచ్చేశాడు.

"ఎవరెవర్ని కలిశావు?" అని అడిగింది అక్క.

అతను నీళ్ళు నమిలాడు. "ఒకాయనకి ఎడం చేతి చూపుడువేలి మీద అడ్డంగా పాత గాట్లున్నాయి. ఇంకొకావిడకి బొటనవేలి దగ్గర కాయ కాసింది."

"ముఖాలు?"

"చూడలేదు."

అక్క తల పట్టుకుంది. మిగిలిన కార్డులన్నీ లాక్కుని తన బీరువాలో పెట్టి తాళం వేసింది. "వచ్చే మంగళవారం ఖాళీ చేతుల్తో వెళ్ళు. నీ గురించి చెప్పకు. ఇద్దరంటే ఇద్దర్ని పట్టుకుని, మీ పనిలో మిమ్మల్ని కష్టపెట్టేది ఏంటండీ అని అడుగు. చెప్పింది విను. అంతే."

మరుసటి మంగళవారం అతను టీ గ్లాసు పట్టుకుని, కాయ కాసిన బొటనవేలిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ బడి పిల్లల యూనిఫాంలు కుట్టించే ఆవిడ. అక్క చెప్పిన ప్రశ్న అడగబోయాడు. నోటికి వచ్చింది వేరే.

"మీకు సాయంత్రానికి ఈ వేలు లాగేస్తుందా అండీ?"

ఆవిడ ఆశ్చర్యపోయింది. "అవును. మీకెలా తెలుసు?"

పక్కనే ఉన్న ఫొటో ఫ్రేములు కట్టే ఆయన చెవులు రిక్కించాడు. గబగబా గ్లాసు కింద పెట్టి అరచెయ్యి చాపాడు. "నాదీ కాస్త చూడండి. ఈ ఏడాది ఎలా ఉంటుందంటారు?"

"నేను జాతకాలు చెప్పనండీ."

"మొహమాటపడకండి సార్, మనలో మనం."

ఇంకో రెండు అరచేతులు కూడా ముందుకొచ్చాయి. చేసేది లేక అతను ఫ్రేములాయన చెయ్యి తిప్పి చూశాడు. చూపుడువేలి మీద గాట్లు చూడగానే, పోయినవారం తనకు గుర్తున్న చెయ్యి ఇదేనని తెలిసింది. "మీరు చెక్క కోసేటప్పుడు ఈ వేలు బ్లేడుకి అడ్డం పెడుతున్నారు. ఇలాగే కోస్తే ఈ ఏడాది వేలు పోతుందండీ."

హాలంతా గొల్లుమంది. ఫ్రేములాయన కూడా నవ్వాడు. తన మాటకి అంతమంది నవ్వడం అతనికి జీవితంలో అదే మొదటిసారి. ఆ ధైర్యంతో తలెత్తి యూనిఫాంల ఆవిడ ముఖం చూశాడు. కళ్ళజోడు, కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ. గుర్తు పెట్టుకున్నాడు. "మీ కత్తెర మొద్దుబారి ఉండదండీ. మధ్యలో స్క్రూ బిగుసుకుని ఉంటుంది. పావు చుట్టు వదులు చేసి ఒక చుక్క నూనె వెయ్యండి. నా దగ్గరికి తేనక్కర్లేదు."

ఇంటికొచ్చాక ఈ చివరి ముక్క చెప్పడానికి భయపడ్డాడు. వచ్చిన గిరాకీని చేజేతులా పంపించేశావంటూ అక్క దులిపేస్తుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"ఈ సంగతి నాకు తెలియడానికి ఐదేళ్ళు పట్టిందిరా," అంది. "మీ జుట్టుకి ఇవాళ ఏమీ అక్కర్లేదమ్మా, వెళ్ళిరండి అనడం నేర్చుకున్నాకే నా పార్లర్లో జనం నిలిచారు."

పది రోజులకి యూనిఫాంల ఆవిడ తన దగ్గర కుట్టేవాళ్ళ కత్తెర్లు పదకొండు, గుడ్డలో చుట్టి తీసుకొచ్చింది. తనది బాగయింది, ఇవి మాత్రం నిజంగానే మొద్దుబారాయంది. ఒక మంగలి జుట్టు కత్తిరించే మిషన్ పట్టుకొస్తే, అది తనకి చేతకాదని మోటార్లు చుట్టే ఆయన దగ్గరికి పంపాడు. ఆ మోటార్ల ఆయన తన వంతుగా ఒక హోటల్ వంటగది కత్తులన్నీ ఇటు పంపించాడు. మంగళవారాల్లో అతనిప్పుడు నిమిషమంతా మాట్లాడుతున్నాడు. ఒకసారి గంట కొట్టినా ఆపలేదట, ప్రెస్సాయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. అయినా షాపులోకి వస్తే మళ్ళీ గోడ వెనక స్టూలే. అలవాటు అంత తొందరగా పోతుందా.

ఆరో నెల చివరి రోజు వచ్చింది. పని ఉంది, అయితే అక్క కంటికి ఆనేంత ఉందో లేదో అతనికి తెలియదు. పొద్దుటి నుంచీ కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. సాయంత్రం అక్క వచ్చి గోడకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. గది సంగతి ఎత్తబోయి, నోరు రాక, ఈ మధ్య అందరినీ అడుగుతున్న మాటే అడిగాడు.

"అక్కా, ఇన్నేళ్ళు చేశావు కదా. నీ పనిలో నిన్ను బాగా కష్టపెట్టింది ఏంటి?"

జవాబుగా కిటికీలోంచి ఆవిడ కుడి చెయ్యి లోపలికి వచ్చింది. బొటనవేలు కణుపు దగ్గర వాచి, లోపలికి వంగిపోయి ఉంది. కత్తెర ఒత్తుకున్న చోట చర్మం నల్లగా గట్టిపడింది. అతను దాన్ని నిఠారుగా చెయ్యబోయాడు, రాలేదు. ఏళ్ళ తరబడి పదును లేని కత్తెరతో, బలమంతా వేలి మీద పెట్టి పనిచేసిన చెయ్యి అది. ఫ్యాక్టరీలో ఎవరి చెయ్యి చూసినా పేరు చెప్పగలిగినవాడికి, ఇంకెక్కడైనా ఈ చెయ్యి కనిపించి ఉంటే సొంత అక్కదని తెలిసేది కాదు.

"మోకాళ్ళు అన్నావు," అన్నాడు.

"అందరికీ అలా చెప్పాను. పార్లర్ మూసింది దీనివల్లే."

"నా దగ్గరికి తెచ్చి ఉంటే..."

"ఫ్యాక్టరీలో సొంత పని చేసుకుంటున్నాడని నీకు మాటొస్తుందని తేలేదు. వీధిలో తిరిగేవాడి చేత సాన పట్టించేదాన్ని." వీధి వైపు తిరిగి, "నువ్వూ ఎప్పుడూ అడగలేదు," అంది.

అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. మెడ వంచి కిటికీలోంచి చూశాడు. అక్క ముఖం అటు తిప్పుకుని ఉంది.

"మందుల షాపు వాళ్ళకి రావద్దని నిన్ననే చెప్పేశాలే," అందావిడ వీధిలోకి చూస్తూనే.

"ఆ కత్తెర్లు ఉన్నాయా?"

"ఉన్నాయి, బీరువాలో. నీ కార్డుల పక్కనే."

"రేపు తీసుకురా."

"ఇప్పుడవి ఎవరికిరా?"

అతను స్క్రూడ్రైవరు తీసుకుని గోడకి ఇవతలికి వచ్చి, కిటికీ చెక్కకున్న స్క్రూలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఊడినవి కింద పడకుండా అక్క తన ఎడం చెయ్యి కింద దోసిలిగా పట్టింది.