ఊదారంగు దిబ్బ

చంద్రికకు ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. కామసముద్రం అనే ఊళ్లో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టిన ఆమె, మూడేళ్లుగా కేజీఎఫ్‌లోని ఒక చిన్న బడిలో ఒకటో తరగతి పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతోంది. ఆ పీరియడ్ తీసేసి లెక్కలకు ఇస్తామని హెడ్‌మిస్ట్రెస్ విశాలమ్మ అంటోంది. ఇవాళ తరగతి చూడడానికి వస్తానంది.

కిటికీలోంచి కనిపించే సైనైడ్ దిబ్బను వెయ్యమంది చంద్రిక. బంగారు గనులు మూతపడ్డాక మిగిలిపోయిన ఆ మట్టిగుట్టను పిల్లలంతా ఆయిల్ పేస్టల్స్‌తో బూడిదరంగులో రుద్దేశారు. ధన్య మాత్రం ఒకవైపు నారింజ, మరోవైపు ఊదా వేసి, రెండూ కలిసేచోట వేలితో అలుకుతోంది. సరిగ్గా అప్పుడే విశాలమ్మ లోపలికి వచ్చింది.

"దిబ్బ యాడైనా ఊదాగా ఉంటుందా అమ్మా?" అని ధన్యను అడిగింది విశాలమ్మ.

"ఎండ పడేపక్క నారింజ మేడమ్, నీడపక్క ఊదా. కంటికి ఎట్ల కనపడితే అట్ల వెయ్యమని మిస్ చెప్పినారు," అంది ధన్య తలెత్తకుండానే.

విశాలమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి దిబ్బకేసి చూసింది. "ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండాను, నాకు కనపడలే," అంది మెల్లగా. తర్వాత చంద్రిక వైపు తిరిగింది. "ఇంగ ఈ పీరియడ్ ఈ సంవత్సరానికి ఉండనీలేమ్మా. వచ్చే ఏడు సంగతి నేను చెప్పలేను."

చంద్రికకు ఊరట కలిగింది కానీ మనసు కుదుటపడలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సులో కూర్చున్నాక కూడా, తర్వాతి పాఠంలో దూరంగా ఉన్నవి చిన్నగా కనిపిస్తాయని ఆరేళ్ల పిల్లలకు ఎలా చెప్పాలా అని ఒడిలోని సంచి మీద వేలితో గీస్తూనే ఉంది.