జ్ఞానప్రకాశం గారి ఒకే ప్రశ్న

జ్ఞానప్రకాశం గారు ఎవరు కనిపించినా ముందు ఇల్లెక్కడని అడుగుతారు. జవాబు వచ్చేదాకా ఇంకో మాట మాట్లాడరు. యూనివర్సిటీలో ఆయన చెప్పేది దేశాల మధ్య చట్టాల తగవు. పెళ్ళి ఒక దేశంలో, కాపురం ఇంకో దేశంలో, విడాకులు మూడో దేశంలో అయితే ఎవరి చట్టం నిలుస్తుందన్నది పాఠం. అది తేల్చేది మనిషి ఇల్లెక్కడన్న ప్రశ్నే. చెప్పీ చెప్పీ ఆ ప్రశ్న ఆయన నాలుక మీదే కాపురం పెట్టిందని విద్యార్థులు నవ్వుకునేవారు.

హెల్మెట్ లేదని హబ్సిగూడ దగ్గర ఒక పోలీసు ఆపితే, ఆ పోలీసునే ఇల్లెక్కడని అడిగారు.

"అంబర్‌పేట సార్."

"రిటైరయ్యాక కూడా అక్కడేనా?"

పోలీసు తన ఇంటి గొడవలన్నీ చెప్పుకుని, చలానా సంగతి మరిచి పంపేశాడు.

ఎవాంజెలిన్‌కి మాత్రం ఆ ప్రశ్నంటే వణుకు. కొలంబో అతన్ని అక్కడే పెళ్ళి చేసుకుని, కాపురం చెడి, ఒక్క సూట్‌కేసుతో తిరిగొచ్చింది. తార్నాకలో గది తీసుకుని జ్ఞానప్రకాశం గారి దగ్గర పరిశోధనకు చేరింది. రోజూ పొద్దున రాజలింగు టిఫిన్ సెంటర్లో, అందరి ముందూ ఆయన అడిగేవారు.

"ఇల్లెక్కడమ్మా?"

మొదట్లో కొలంబో అనేది. తర్వాత తెలియదనేది. ఇడ్లీ చల్లారేది. దారి మార్చి చూసింది, ఆయనా మార్చారు. ఒక వానపొద్దున ఇక ఆగలేక, "తార్నాక. ఇక్కడే ఉంటాను. ఇంక అడక్కండి సార్" అని అరిచింది. ఆయన ఆమెకి ఇంకో ప్లేటు చెప్పారు. మర్నాడు మళ్ళీ అడిగారు.

కొన్నేళ్ళకు భర్త నిరోషన్ కొలంబో కోర్టులో విడాకుల దావా వేశాడు, తనని వదిలి పారిపోయిందని. ఆమె ఇక్కడ వేసింది. భర్త పరదేశంలో ఉంటే, భార్య వరసగా మూడేళ్ళు ఇక్కడే నివసించిందని తేలితేనే ఇక్కడి కోర్టు వింటుంది. తేలకపోతే అతని ఊళ్ళో, అతని మనుషుల మధ్య ఒంటరిగా నిలబడాలి. ఆమె చదువుకోసం వచ్చిన అతిథి మాత్రమేనని, ఇల్లు కొలంబోనేనని వాదించాడు నిరోషన్ లాయరు.

రాజలింగు ఎవాంజెలిన్ తరఫు సాక్షిగా బోనెక్కాడు. వెనక బెంచీలో జ్ఞానప్రకాశం గారు పక్కనున్న ముసలాయన్ని ఏదో అడుగుతున్నారు. ఏమిటో ఎవాంజెలిన్‌కి తెలుసు.

ఆమె ఇల్లు ఇక్కడేనని నీకెలా తెలుసన్నాడు నిరోషన్ లాయరు.

"సారు రోజు అడుగుతడు. ఈమె తార్నాక అంటది. ఆదివారం చర్చికి పొయ్యే ముందట గూడ."

"ఎప్పటినుంచి?"

"కరోనా అయినంక దుకాణం మళ్ళ తెరిచిన. గా ఏడాది వానలల్ల గట్టిగ ఒర్రింది, గీడనే ఉంట అని. నా చేతుల సాంబారు గిన్నె జారింది. మూడేండ్లు దాటింది, ఎట్ల మరుస్త?"

లాయరు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు. "అట్లా చెప్పమని సారే నేర్పించాడు కదా?"

ఎవాంజెలిన్ కళ్ళు మూసుకుంది. రాజలింగు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"నేర్పలే. అడిగిండంతే. కొలంబో అన్ననాడు గూడ ఇడ్లి తిననిచ్చిండు."

జడ్జిగారు తల వంచుకుని నవ్వు దాచుకున్నారు. కేసు ఇక్కడే వింటామన్నారు.

బయట మెట్ల మీద ఆమె ఆయన్ని పట్టుకుంది. "ఈ రోజు కోసమేనా సార్? ముందే చెప్పొచ్చు కదా. మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో."

"చెబితే అది పాఠమవుతుందమ్మా. సాక్ష్యం కాదు."

ఆటో వచ్చి ఆగింది. ఎక్కడికన్నాడు డ్రైవరు.

"ఇంటికి" అంది ఎవాంజెలిన్. అతను అయోమయంగా చూస్తే, "తార్నాక" అంది.

ఆయన ఆమె పక్కన సర్దుకుని కూర్చున్నారు. ఆటో కదిలింది. మలుపు తిరక్కముందే ముందుకి వంగారు.

"ఇల్లెక్కడ బాబూ?"

"మౌలాలి సార్."

"అక్కడే ఉండిపోతావా?"